ఏ వరుసలో నిలబడ్డారు మీ తాతలు?

అమెరికాలో వలసల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒక మాట వినపడి తీరుతుంది. "మా తాతముత్తాతలు చట్టప్రకారం వచ్చారు. వరుసలో నిలబడి వచ్చారు. ఇప్పుడొచ్చేవాళ్ళూ అలాగే రావాలి." న్యూజెర్సీలో ఇటలీ మూలాలున్న కుటుంబమూ ఇదే అంటుంది, బోస్టన్‌లో ఐర్లండ్ మూలాలున్న కుటుంబమూ ఇదే అంటుంది. కొన్నేళ్ళుగా ఈ మాట మనవాళ్ళ నోట కూడా స్థిరపడిపోయింది. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో నలుగురు తెలుగువాళ్ళు భోజనాలకు చేరితే, "మనం చదువుకుని, స్టాంపింగ్ వేయించుకుని, పన్నులు కట్టుకుంటూ వచ్చినవాళ్ళం. గోడ దూకి వచ్చేవాళ్ళతో మనల్ని కలిపి మాట్లాడకండి" అని ఎవరో ఒకరు అంటారు. మిగతావాళ్ళు తలూపుతారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ఆ మాటనే గర్వంగా చుట్టాలకు చెప్పుకుంటారు.

ఈ వాదంలో బలం లేదని నేననను. దానిలో మూడు పోగులున్నాయి. తన గడప ఎవరు దాటాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉందన్నది మొదటిది. ఏళ్ళ తరబడి ఓపికపట్టి ఎదురుచూస్తున్నవాడికి, ఎదురుచూడకుండా వచ్చేసినవాడి వల్ల అన్యాయం జరుగుతుందన్నది రెండోది. మా పెద్దలు నియమం పాటించారు కనుక, పాటించని వాళ్ళను వేలెత్తి చూపే నైతిక హక్కు మాకుందన్నది మూడోది. మొదటిదానితో నాకు తగాదా లేదు. రెండోదానిలో సగం నిజముంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను. మూడోదాన్ని మాత్రం పూర్తిగా తిరస్కరిస్తున్నాను. ఈ వాదం ఎప్పుడూ తాతతోనే మొదలవుతుంది. ఆ తాత కథ నిలబడకపోతే దానికి కాళ్ళు లేవు.

1. తాతలు పాటించిన చట్టం ఏది?

1875 వరకు, దేశంలోకి వచ్చేవాళ్ళను అడ్డుకునే ఫెడరల్ చట్టమంటూ అమెరికాలో దాదాపు లేదు. మసాచుసెట్స్, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు నిరుపేదలను ఆపడానికి సొంత చట్టాలు వాడుకున్న మాట నిజం. కరువు నుంచి పారిపోయి వచ్చిన ఐరిష్ వాళ్ళలో కొందరు ఆ దెబ్బ తిన్నారు కూడా. కానీ వీసా లేదు, కోటా లేదు, దరఖాస్తు లేదు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టి ఐర్లండ్ మలమలమాడినప్పుడు, ఓడ టికెట్‌కు డబ్బు పోగుచేసుకోగలిగిన కుటుంబం ఓడెక్కేసింది. కెనడాకు వెళ్ళే ఓడల్లో టికెట్ చవక కాబట్టి, అక్కడ దిగి దక్షిణానికి నడిచి సరిహద్దు దాటినవాళ్ళూ బోలెడుమంది. అక్కడ వాళ్ళను కాగితం అడిగినవాడు లేడు.

1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ద్వీపం కేంద్రం తెరిచారు. 1954లో మూసేదాకా దానిగుండా కోటీ ఇరవై లక్షల మంది వచ్చారు. అమెరికన్ కుటుంబాల కథల్లో పుణ్యక్షేత్రం ఇదే కాబట్టి అక్కడ ఏం జరిగేదో కాస్త వివరంగా చూడాలి. మొదటి, రెండో తరగతి ప్రయాణికులను ఓడలోనే చూసి పంపించేసేవారు. ద్వీపానికి తీసుకెళ్ళింది అడుగు తరగతిలో వచ్చిన పేదలనే. డాక్టరు కనురెప్పలు తిప్పి చూసేవాడు, నడక చూసేవాడు, ఊపిరి చూసేవాడు. ఇన్‌స్పెక్టరు ఓడవాళ్ళిచ్చిన జాబితా ముందు పెట్టుకుని, పేరేమిటి, ఎక్కడికి వెళ్తున్నావు, చేతిలో ఎంతుంది అని అడిగేవాడు. ఎక్కువమందికి ఇదంతా కొన్ని గంటల్లో ముగిసేది. వెనక్కి పంపింది నూటికి ఇద్దరిని. ఆ ఇద్దరికీ, వాళ్ళను విడిచి లోపలికి నడవాల్సి వచ్చిన తల్లికో బిడ్డకో అది జీవితాంతం మానని గాయం. దాన్ని తక్కువ చేయను. కానీ తొంభై ఎనిమిది మంది కథలో "వరుస" అంటే ఒక పూట. ఊళ్ళో బయల్దేరేముందు వాళ్ళెవరూ అమెరికా అనుమతి అడగలేదు, ఎందుకంటే అడగాల్సిన పనే లేదు. అమెరికా వెళ్ళే విదేశీయుడు ముందుగా వీసా తీసుకోవాలన్న నిబంధన మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వచ్చి, 1924 చట్టంతో పాతుకుపోయింది.

ఇంకో సంగతి మనవాళ్ళు ప్రత్యేకంగా గమనించాలి. 1885లో అమెరికా ఒక చట్టం చేసింది. విదేశంలో ఉండగానే కూలి ఒప్పందం కుదుర్చుకుని వచ్చే పనివాళ్ళకు ప్రవేశం లేదని దాని సారం. కొద్దిపాటి మినహాయింపులున్నా, ఎల్లిస్ ద్వీపంలో "నీకు ఇక్కడ పని ముందే ఖాయమైందా?" అన్న ప్రశ్నకు "అవును" అని జవాబిచ్చినవాడు వెనుదిరిగే ప్రమాదం ఉండేది. ఒళ్ళు వంచి పనిచేయగలనని చూపించాలి, పని ముందే దొరికిందని మాత్రం చెప్పకూడదు. ఇవాళ ఇది తలకిందులైంది. చేతిలో ఆఫర్ లెటర్ లేకపోతే హెచ్-1బీ ఉద్యోగ వీసా లేదు. నాటి నియమంతో నేటి మనిషిని, నేటి నియమంతో నాటి మనిషిని తూస్తే ఇద్దరూ దోషులే. ఇద్దరి గుణంలో తేడా లేదు, మారింది వాళ్ళు వచ్చిన తేదీ.

2. చట్టం తప్పిన తాతలు, వాళ్ళకు దొరికిన మాఫీ

"సరే, చట్టం సులువుగా ఉండేది. ఉన్నదాన్ని పాటించారు కదా" అంటారు. అందరూ పాటించలేదు. చట్టం బిగిసిన మరుక్షణం యూరప్ వాళ్ళు కూడా దాన్ని తప్పించుకునే దారులు వెతికారు.

1921లో మొదటిసారి దేశాలవారీ కోటాలు వచ్చాయి. 1924లో వాటిని ఇంకా బిగించారు. 1890 జనగణనలో ఏ దేశం వాళ్ళు ఎందరున్నారో లెక్కతీసి, అందులో నూటికి ఇద్దరి చొప్పున రానిస్తామన్నారు. 1890ని ఎంచుకోవడంలోనే కుట్ర ఉంది. ఇటాలియన్లు, యూదులు, పోలిష్ వాళ్ళు పెద్దయెత్తున రావడం ఆ తర్వాతే కనుక, వాళ్ళను కత్తిరించడానికే అంత పాత లెక్క తీశారు. యుద్ధానికి ముందు కొన్నేళ్ళలో ఇటలీ నుంచి ఏటా రెండు లక్షల మందికి పైగా వచ్చేవారు. కొత్త కోటా నాలుగు వేల లోపు. మరి మిగతావాళ్ళు ఇంట్లో కూర్చున్నారా? చాలామంది కూర్చోలేదు. క్యూబా నుంచి పడవల్లో, కెనడా నుంచి అడవి దారుల్లో, మెక్సికో మీదుగా వచ్చారు. ఓడ కళాసులుగా చేరి రేవులో దిగి జనంలో కలిసిపోయారు. మనుషుల్ని దొంగచాటుగా దాటించే వ్యాపారం అప్పుడే జోరందుకుంది.

వాళ్ళను అమెరికా ఏం చేసిందో చెప్పడానికి 1929 మార్చి నెల ఒక్కటి చాలు. మార్చి 2న ఒక చట్టం వచ్చింది. 1921 జూన్ 3కు ముందు దేశంలోకి వచ్చి, ప్రవేశ రికార్డు లేనివాళ్ళు మంచి నడవడి ఉంటే 20 డాలర్ల రుసుము కట్టి తమ ఉనికిని చట్టబద్ధం చేసుకోవచ్చు. రెండు రోజులు తిరిగాయి. మార్చి 4న ఇంకో చట్టం వచ్చింది. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం ఇక నేరం. అంతకుముందు అలా దొరికినవాడిని దేశం నుంచి పంపించేయవచ్చు గానీ, దాటినందుకే జైలుశిక్ష వేసే సాధారణ చట్టం లేదు. మాఫీ చట్టం వల్ల ఎక్కువ లాభపడింది యూరప్ వాళ్ళు, కెనడా వాళ్ళు. పౌరసత్వానికి అర్హత లేదని ముద్రపడిన ఆసియావాళ్ళకు అందులో చోటే లేదు. నేర చట్టం కింద ముందుగా జైళ్ళు నిండింది మెక్సికన్లతో.

1935లో మరో వెసులుబాటు కల్పించారు. కాగితాల్లేని యూరోపియన్‌ను అమెరికాలోనే ముందుగా పరీక్షించి, కెనడాకు పంపి, అక్కడి కాన్సులేట్‌లో వీసా ఇప్పించి, దర్జాగా వెనక్కి రప్పించేవారు. ఇలాంటి రకరకాల దారుల్లో 1925 నుంచి 1965 వరకు సుమారు రెండు లక్షల మంది యూరోపియన్లు "అక్రమం" నుంచి "సక్రమం"లోకి మారారని చరిత్రకారిణి మే ఙాయ్ లెక్కగట్టారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇవాళ ఓటర్లు. వాళ్ళలో ఎందరు "మా తాత చట్టప్రకారం వచ్చాడు" అని నిజాయితీగా నమ్ముతున్నారో! తాత దగ్గర కాగితం ఉంది. ఆ కాగితం ఎప్పుడు, ఎలా వచ్చిందో ఆయన ఇంట్లో చెప్పలేదు.

మరీ పాత కథనుకుంటే 1980ల్లోకి రండి. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో వీసా గడువు దాటి ఉండిపోయిన ఐరిష్ యువత వేల సంఖ్యలో ఉండేవారు. వాళ్ళ కోసం ఐరిష్ మూలాలున్న ప్రతినిధుల సభ సభ్యులు, సెనేటర్లు కదిలారు. 1990 చట్టంలో తాత్కాలికంగా పెట్టిన ఒక వీసా పథకంలో ఏటా 40,000 వీసాలుంటే, మూడేళ్ళపాటు అందులో 40 శాతం ఐర్లండ్‌కే దక్కేలా రాశారు. అది తప్పని నేను అనను. ఆ పిల్లలు బతుకుతెరువు కోసం వచ్చారు, వాళ్ళకు దారి చూపడం మంచి పనే. అదే మంచి పని హోండురాస్ పిల్లవాడికి చేద్దామంటే చట్టం గుర్తుకు రావడాన్నే తప్పుపడుతున్నాను.

3. వరుసే లేనివాళ్ళు

1882లో చైనా కూలీల ప్రవేశాన్ని నిషేధించారు. ఒక జాతిని పేరుపెట్టి గెంటేసిన మొదటి పెద్ద ఫెడరల్ చట్టం అది. 1943 దాకా నడిచింది. ఎత్తేశాక కూడా ఏడాదికి ఇచ్చిన కోటా 105. అంత పెద్ద దేశానికి నూటా ఐదుగురు!

ఎల్లిస్ ద్వీపం గురించి చెప్పేవాళ్ళెవరూ పడమటి తీరంలోని ఏంజెల్ ద్వీపం గురించి చెప్పరు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో 1910 నుంచి 1940 దాకా నడిచిన ఆ కేంద్రంలో చైనావాళ్ళను వారాలు, నెలలు నిర్బంధించేవారు. 1906 భూకంపం, దాని వెంట వచ్చిన మంటల్లో నగర జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో, తాము ఇక్కడే పుట్టిన పౌరులమని చెప్పుకోవడానికి చైనావాళ్ళకు ఒక సందు దొరికింది. పౌరుడి కొడుకు లోపలికి రావచ్చు. అలా వేరొకరి కొడుకులమని కాగితం మీద రాయించుకుని వేలమంది వచ్చారు. అధికారులు "మీ ఇంటికి మెట్లెన్ని? ఊరి బావి ఏ దిక్కున ఉంది?" అని రోజుల తరబడి తరచి తరచి అడిగేవారు. నిజమైన కొడుకు కూడా తడబడి వెనుదిరగవచ్చు, నేర్చుకుని వచ్చిన అబద్ధపు కొడుకు గట్టెక్కవచ్చు. ఆ కుటుంబాలు తమ అసలు ఇంటిపేరును పిల్లలకు కూడా చెప్పకుండా బతికాయి. 1956లో ప్రభుత్వం నిజం ఒప్పుకోమని పథకం పెడితే, ఒకరు ఒప్పుకుంటే బంధువర్గమంతా బయటపడిపోతుందని ఇళ్ళలో గొడవలు జరిగాయి. వీళ్ళ మనవలకు "మా తాత చట్టప్రకారం వచ్చాడు" అని చెప్పుకునే భాగ్యం లేదు. ఆ తాత దొంగా? లోపలికి రావడానికి అతనికి ఏ సరైన దారి మిగిల్చారో చెప్పండి.

మన దేశం సంగతి కూడా ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థింద్ తెల్లజాతివాడు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని 1923 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని, అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి దాన్ని లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకుంటూ, నియమాలన్నీ పాటించి పౌరుడైన వైష్ణోదాస్ బగాయ్ ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆయన వరుసలో నిలబడ్డాడు, లోపలికీ వెళ్ళాడు. తర్వాత చట్టమే ఆయన్ను మెడపట్టి గెంటింది.

తెలుగు పాఠకుడికి ఇంకా దగ్గరి పేరు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, 1922లో బోస్టన్ చేరాడు. విద్యార్థి కాబట్టి రానిచ్చారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశాడు. ఆయన వచ్చిన కొన్ని నెలలకే థింద్ తీర్పు వచ్చింది. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, కండరాల శక్తికి మూలమైన ఏటీపీ మీద పరిశోధన, ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ పిల్లల చికిత్సకు దారితీసిన మందులు, బోదకాలుకు మందు, ఇవన్నీ ఆయన చేతిమీదుగానో ఆయన బృందం నుంచో వచ్చాయి. 1946 దాకా ఆయన అమెరికా పౌరుడు కావడానికి చట్టం ఒప్పుకోలేదు. ఆ ఏడు భారతీయులకు తలుపు తీశారు, ఏటా వందమందికి. 1948లో ఆయన పోయాడు, పౌరుడు కాకుండానే. "మెరిట్ ఉంటే అమెరికా నెత్తిన పెట్టుకుంటుంది" అనే తెలుగువాళ్ళు ఆ పాతికేళ్ళను గుర్తు తెచ్చుకోవాలి.

4. రాకుండానే ఉన్నవాళ్ళు, రప్పించబడ్డవాళ్ళు

"అందరం వలస వచ్చినవాళ్ళమే" అన్నది ఈ వాదానికి తోడబుట్టిన మాట. వినడానికి ఉదారంగా ఉంటుంది, నిజం మాత్రం కాదు. 1848 ఒప్పందంతో మెక్సికో ఉత్తర భాగం అమెరికాకు పోయినప్పుడు అక్కడి జనం ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దే వాళ్ళను దాటిపోయింది. ఆదివాసులకు తమ సొంత నేల మీద పౌరసత్వం అందరికీ దక్కింది 1924 జూన్ 2న. కోటా చట్టం వచ్చి పది రోజులు కూడా తిరక్కముందు.

ఇక ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళు. బానిసల దిగుమతిని అమెరికా 1808లోనే నిషేధించింది. అయినా 1860లో క్లొటిల్డా అనే ఓడ నూటా పదిమందిని పశ్చిమాఫ్రికా నుంచి అలబామాలోని మొబీల్ దగ్గరకు దొంగతనంగా చేర్చింది. సాక్ష్యం మిగలకుండా ఓడను తగలబెట్టారు. ఎవరికీ శిక్ష పడలేదు. అమెరికా చరిత్రలో అక్రమ ప్రవేశమంటూ పేరుపెట్టాల్సినది ఏదైనా ఉంటే అది ఇది. నేరం ఓడవాడిది, సంకెళ్ళు ఓడలో ఉన్నవాళ్ళవి. స్వేచ్ఛ వచ్చాక వాళ్ళు ఇంటికి పోవాలనుకున్నారు, డబ్బు లేక పోలేకపోయారు. కూలి డబ్బుతో కాస్త నేల కొనుక్కుని ఆఫ్రికాటౌన్ కట్టుకున్నారు. ఓడ శిథిలం అదేనని 2019లో రుజువైంది.

వంశవృక్షం వెతుక్కునే నల్లజాతి కుటుంబాలు 1870 దగ్గర గోడకు తలకొట్టుకుంటాయి. విముక్తి పొందినవాళ్ళ పేర్లు జనగణనలో మొదటిసారి కనిపించేది ఆ ఏడే. అంతకుముందు 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. ఒకరి ముత్తాత పేరు ఓడ జాబితాలో అక్షరాలా దొరుకుతుంది, ఇంకొకరి ముత్తాత "ముప్పై ఏళ్ళ మగవాడు" మాత్రమే. ఈ ఇద్దరి ముందూ నిలబడి "మా పెద్దలు పద్ధతిగా వచ్చారు" అనడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

5. ఇంటి కథ సాక్ష్యానికి పనికిరాదు

కుటుంబ కథలను నేను ప్రేమిస్తాను. కానీ వాటిని చట్టం కోసం సాక్ష్యంగా తెస్తే, సాక్షిని ప్రశ్నించక తప్పదు. "ఎల్లిస్ ద్వీపంలో గుమస్తా మా ఇంటిపేరు మార్చేశాడు" అని లక్షల కుటుంబాలు చెప్పుకుంటాయి. గుమస్తాలు పేర్లు రాసుకోలేదు, యూరప్‌లో ఓడవాళ్ళు రాసిన జాబితాలు చూసి సరిపోల్చారు. పేర్లు మార్చుకున్నది ఎక్కువగా వచ్చినవాళ్ళే, తర్వాత, ఉద్యోగాల కోసం, ఎగతాళి తప్పించుకోవడానికి. ఆ నొప్పిని గుమస్తా మీదికి నెట్టేయడం మానవ సహజం.

ఎల్లిస్ ద్వీపంలో మొట్టమొదట అడుగుపెట్టిన ఐరిష్ అమ్మాయి ఆనీ మూర్ సంగతి ఇంకా స్పష్టం. ఆమె టెక్సాస్ వెళ్ళి స్థిరపడిందని దశాబ్దాలపాటు నమ్మారు. ఆ టెక్సాస్ మహిళ వారసులను వేడుకలకు కూడా పిలిచారు. 2006లో వంశచరిత్ర పరిశోధకురాలు మేగన్ స్మోలెన్యాక్ రికార్డులు తవ్వితే, టెక్సాస్ ఆమె వేరే మనిషి. అసలు ఆనీ న్యూయార్క్ పేదల వాడల్లోనే బతికి, అక్కడే చనిపోయింది. పడమటికి వెళ్ళి బాగుపడిన కథ అందరికీ నచ్చింది, ఇరుకు గదుల్లో బిడ్డలను కని పోగొట్టుకున్న కథ ఎవరికీ అక్కర్లేకపోయింది. అంత ప్రసిద్ధమైన మనిషి విషయంలోనే ఇలా జరిగితే, ఎవరూ పట్టించుకోని ముత్తాత గురించి ఇంట్లో మిగిలే కథలో ఏది ఉంటుందో, ఏది జారిపోతుందో ఊహించుకోవచ్చు.

6. మనవాళ్ళ "మెరిట్"

ఇప్పుడు మన సంగతి. మొదటి తరం తెలుగు డాక్టర్ల కథల్లో "జేబులో ఎనిమిది డాలర్లతో దిగాను" అన్న మాట తరచూ వస్తుంది. అది అబద్ధం కాదు. అయితే ఆ ఎనిమిది డాలర్లు అప్పటి భారత ప్రభుత్వం విదేశీ మారకానికి పెట్టిన హద్దు. ఆ జేబు ఉన్న మనిషి వెనక గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల్లో ప్రజల డబ్బుతో దొరికిన చదువుంది. ఎదురుగా 1965 అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన కొత్త చట్టముంది. ఏడాదికి వందమంది భారతీయులు అన్న హద్దు తొలగి, దేశానికి 20,000 అయింది. రంగు, జాతి చూసి మనుషుల్ని వేరుచేయడం ఇక చెల్లదని నల్లజాతి ప్రజలు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన 1964 పౌరహక్కుల చట్టం ఊపులోనే ఆ తలుపు తెరుచుకుంది. అదే తెలివి, అదే కష్టం ఉన్న తెలుగువాడు 1955లో ప్రయత్నిస్తే రాలేకపోయేవాడు. ఆ డాక్టరు తర్వాత తమ్ముణ్ణి, చెల్లెలిని రప్పించుకున్నది అన్నదమ్ముల కేటగిరీ కింద. వాళ్ళ మార్కులు ఎవరూ అడగలేదు. తోబుట్టువులు కలిసి ఉండాలనుకోవడం న్యాయమే. కానీ అలా వచ్చిన ఇంట్లో కూర్చుని "బంధువులను లాక్కొస్తున్నారు" అని మెక్సికన్లను తిట్టడం న్యాయం కాదు.

1990 చట్టం హెచ్-1బీని తెచ్చింది, ఏటా 65,000 హద్దుతో. దరఖాస్తులు హద్దు దాటినప్పుడల్లా ఏళ్ళ తరబడి లాటరీ తీశారు. ఒకే క్లాసులో చదివిన ఇద్దరిలో ఒకరికి తగిలింది, ఒకరికి తగల్లేదు. తగలని వాడు ఇంటికి పోయాడు, తగిలినవాడు ఇల్లు కొనుక్కుని "మెరిట్" అంటున్నాడు. ఇక గ్రీన్‌కార్డు. ఉద్యోగ కోటాలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించరాదన్న నియమం వల్ల, ఐస్‌లాండ్‌కెంత హద్దో భారతదేశానికీ అంతే. పదేళ్ళు దాటి ఎదురుచూస్తున్న లక్షలమందిలో మనవాళ్ళే ఎక్కువ. పసివాడిగా తెచ్చుకున్న కొడుక్కి ఇరవై ఒకటి నిండితే అమ్మానాన్నల దరఖాస్తులోంచి జారిపోతాడు. ఈ బాధ నిజం, ఇది అన్యాయం. కానీ ఈ అన్యాయం చేసింది ఆ 7 శాతం అంకె. ఇళ్ళ పైకప్పులు వేసే గ్వాటెమాలా కూలీ మన ఫైలును ఒక్కరోజు కూడా వెనక్కి జరపలేదు. అతను మన వరుసలోనే లేడు.

మన "సక్రమం" ఎంత పలుచనిదో మనకు తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బాగోతం బయటపడినప్పుడు, మన పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించిన ఫోటోలు చూసి తెలుగు తల్లిదండ్రులు ఏడ్చారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం అధికారులే వల వేయడానికి సృష్టించిన బూటకమని తేలింది, చిక్కినవాళ్ళలో తెలుగు పిల్లలే చాలామంది. అప్పుడు మనం ఏమన్నాం? "పిల్లలు, తెలియక చేశారు, అప్పుచేసి వెళ్ళారు, కనికరించండి" అన్నాం. సరిగ్గానే అన్నాం. ఆ కనికరం అప్పుచేసి ఎడారి దాటిన వేరే తల్లి కొడుక్కి ఎందుకు వర్తించదు? 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం నాడు కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు, ఆదివారానికల్లా అమల్లోకి వచ్చింది. ఎవరికి వర్తిస్తుందో స్పష్టమయ్యేలోపు సెలవుల మీద ఇంటికి బయల్దేరినవాళ్ళు విమానాలు దిగిపోయారు. చట్టం పాటించేవాళ్ళకు భయం లేదన్న ధైర్యం రెండు రోజుల్లో ఎగిరిపోయింది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, "నా దేశం వదిలి పో" అని అరిచి ఒకడు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాడు. కాల్చేముందు వీసా గురించి అడిగాడు. శ్రీనివాస్ దగ్గర కాగితాలన్నీ ఉన్నాయి. ద్వేషించేవాడు కాగితం చూసి కాల్చడు. ఆయన పోయిన రాత్రి, ఆయన మీద ఆధారపడిన భార్యకు ఆ దేశంలో ఉండే హోదా కూడా పోయింది. "సక్రమం", "అక్రమం" మధ్య దూరం ఆమెకు ఒక్క తూటా అంత. ఆమె ఏ నియమం తప్పింది?

7. "ఏమైనా చట్టం చట్టమే"

చివరికి మిగిలే వాదం ఇదే. తాతల సంగతి వదిలేయండి, ఇప్పటి చట్టం ఇది, దీన్ని పాటించి వరుసలో రండి అంటారు. వరుస ఎక్కడుంది? చదువు లేని వ్యవసాయ కూలీకి, వంటమనిషికి శాశ్వతంగా రావడానికి ఉన్న ఉద్యోగ కోటా ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి పదివేలకు మించదు. అమెరికా పౌరుడైన అన్న, మెక్సికోలో ఉన్న తమ్ముడి కోసం దరఖాస్తు పెడితే ఇరవై ఏళ్ళు దాటినా పిలుపు రాదు. ఐరిష్ తాతకు టికెట్ చాలింది. ఇతనికి ఆయుష్షు చాలడం లేదు.

పైగా ఇతన్ని అక్రమం చేసింది ఎవరు? 1942 నుంచి 1964 వరకు అమెరికా తానే మెక్సికన్ కూలీలను పిలిపించుకుంది, సుమారు 46 లక్షల ఒప్పందాలు రాసింది. పథకం ఆపేసింది. వెంటనే 1965 చట్టం, మనకు తలుపు తీసిన అదే చట్టం, పశ్చిమార్ధగోళం మీద మొదటిసారి సంఖ్యా పరిమితి పెట్టింది. 1976లో మెక్సికోకు కూడా 20,000 హద్దు బిగించింది. పొలాలు అవే, పంటలు అవే, మనుషులు అవే, పిలిచే యజమానులూ వాళ్ళే. అందరం పాడే "వరుస" పాట ఆ కూలీ దగ్గర మాత్రం తప్పుడు పాట. అతను వస్తూ ఉన్న దారిని చట్టం మూసేసింది, అవసరాన్ని మూయలేదు.

సరిహద్దు ఉండకూడదని నేను వాదించడం లేదు. కఠినంగా ఉండాలనుకునేవాళ్ళు ఉద్యోగాల గురించి, బళ్ళ గురించి, ఖర్చుల గురించి నేటి లెక్కలతో వాదించండి, వింటాను. తాతను మాత్రం సాక్షిగా పిలవకండి. పిలిస్తే, ఆయన ఎలా వచ్చాడో కూడా సభలో చదవాల్సి వస్తుంది.

1929 మార్చి 2 నాటి ఆ మాఫీ చట్టం నేటికీ అమెరికా చట్టాల పుస్తకంలో బతికే ఉంది. అందులోని గడువు తేదీని కాంగ్రెస్ పలుమార్లు ముందుకు జరిపింది, 1958లో ఒకసారి, 1965లో ఒకసారి, 1986లో అధ్యక్షుడు రీగన్ కాలంలో చివరిసారి. ఆ 1986 చట్టం మిగతా నిబంధనల కింద 27 లక్షల మందికి కాగితాలిచ్చింది కూడా. ప్రస్తుతం ఆ తేదీ 1972 జనవరి 1. అంటే ఆ దారిలో నేడు కాగితం దొరకాలంటే యాభై ఏళ్ళు పైబడ్డవాడై ఉండాలి. ఇన్ని దశాబ్దాలుగా దాన్ని కదిలించలేదు. ఆ తేదీని జరపమని కోరేవాళ్ళు కొత్త దయ ఏదీ అడగడం లేదు. ఇటలీ తాతకు, పోలండ్ తాతకు 20 డాలర్లకు ఇచ్చినదాన్నే అడుగుతున్నారు. అమెరికా పౌరులై ఓటు హక్కు పొందిన తెలుగువాళ్ళు తమ ప్రతినిధికి గ్రీన్‌కార్డు 7 శాతం గురించి ఉత్తరం రాసేటప్పుడు, అదే ఉత్తరంలో ఈ తేదీ గురించి కూడా రాయాలి.